బొంతలో రంగు దిగితే: ఉప్పునీళ్లు ఎందుకు పనిచేయవు, ఏం చేస్తే మరక పోతుంది

బొంత ఉతికి పైకి తీసేసరికి ఎర్ర ముక్క రంగు పక్కనున్న తెల్ల ముక్కకు అంటుకుని కనిపిస్తే, చాలా ఇళ్లలో వెంటనే చేసే పని గబగబా పిండి ఎండలో ఆరేయడం. మరక ముదిరిపోయేది అక్కడే. గుడ్డ తడిగా ఉన్నంతసేపూ అంటుకున్న రంగు ఇంకా గట్టిపడదు, మళ్లీ నీళ్లలోకి రప్పించడానికి వీలుంటుంది. ఆరిపోయి, ఆపైన ఇస్త్రీ పెట్టె వేడి కూడా తగిలితే అదే రంగును కదిలించడం ఎంతో కష్టం. కాబట్టి రంగు దిగిందని తెలిసిన క్షణం నుంచి బొంతను ఆరనివ్వకూడదు. ఏం చేయాలో తేల్చుకునేదాకా నీళ్లలోనే ఉండాలి, అదీ నిండుగా ఉన్న నీళ్లలో. తడి బొంతను మడతపెట్టి ఖాళీ బకెట్లో పడేసి మర్నాడు చూద్దామనుకోవడం ఇంకా చెడ్డ పని. రంగు వదిలే ముక్కా తెల్ల ముక్కా ఒకదానికొకటి అతుక్కుని రాత్రంతా ఉండిపోతాయి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ బాధ ఎక్కువగా బయటపడేది సంక్రాంతికి ముందు, ఇల్లంతా దులిపి దుప్పట్లూ బొంతలూ కుప్పపోసి ఉతికే రోజుల్లో. మిగతా సమయాల్లో బొంతను ఎండలో వేసి దులపడమే తప్ప నీళ్లలో పెట్టేవాళ్లు తక్కువ. దాంతో కొత్తగా కుట్టిన బొంతకు ఆ ఉతుకే మొదటి ఉతుకు అవుతుంది. వారాల తరబడి చేత్తో వేసిన కుట్లన్నీ అలాగే ఉంటాయి గానీ, చూసిన కళ్లకు మాత్రం పని అంతా పాడైపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి చాలా సందర్భాల్లో పాడవదు. బొంతను చేతులారా పాడుచేసేవి ఆ తర్వాత కంగారులో వాడే ఉప్పు, వెనిగర్, బ్లీచింగ్ పౌడర్.

పాతకాలపు బొంతకు ఈ బెడద తక్కువ. అందులో పడేవి ఏళ్లతరబడి కట్టి, ఉతికి, మెత్తబడిన నూలు చీరలు, పంచెలు, లుంగీలు. వాటిలో వదలాల్సిన రంగు ఎప్పుడో వదిలిపోయి ఉంటుంది. ఇప్పుడు కుట్టే బొంతల తీరు వేరు. టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు, ముదురు రంగు లైనింగు గుడ్డ, మీటర్ల లెక్కన కొన్న ప్రింటు బట్ట అన్నీ కలిపి పైపొర చేస్తున్నారు. ఒక్కసారి కూడా నీళ్లు తగలని మెరూన్ రవిక ముక్క పక్కన, వందసార్లు ఉతికిన తెల్ల పంచె ముక్క వస్తుంది. రంగు దిగడానికి ఇంతకంటే అనువైన జోడీ ఉండదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, నీళ్లతో పాటు అందులోని రంగునూ తీసుకుంటుంది.

అసలు నూలుకు రంగు ఎలా పట్టుకుంటుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. చవక రకం ముదురు రంగు బట్టల్లో డైరెక్ట్ రంగులు వాడుతుంటారు. 1884లో కనిపెట్టిన కాంగో రెడ్ ఈ కోవలో మొదటిది. రంగునీళ్లలో వేసి కాస్తే చాలు, గుడ్డకు పట్టేస్తాయి. కానీ వాటికీ నూలుపోగుకూ మధ్య ఉండేది బలహీనమైన ఆకర్షణ మాత్రమే, గట్టి రసాయన బంధం కాదు. అందుకే ప్రతి ఉతుకులోనూ కొంచెం కొంచెం ఊడిపోతూనే ఉంటాయి. రెండో రకం రియాక్టివ్ రంగులు. 1956లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ వీటిని ప్రోసియన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఇవి చాకలి సోడా లాంటి క్షారం సాయంతో నూలుపోగుతో నేరుగా బంధం కట్టుకుంటాయి. ఆ బంధం మామూలు ఉతుకులకు తెగదు. మరి రియాక్టివ్ రంగు వేసిన బట్ట కూడా ఎందుకు రంగు వదులుతుంది? తొట్టిలో వేసిన రంగంతా పోగుతో బంధం కట్టదు. రకాన్ని బట్టి పదో వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్లతోనే కలిసిపోయి చచ్చురంగుగా మారి, పోగుల మధ్య ఊరికే ఇరుక్కుని ఉంటుంది. రంగు వేసిన తర్వాత మళ్లీమళ్లీ నీళ్లు మార్చి, సబ్బుతో మరిగించి, ఈ చచ్చురంగును కడిగేయాలి. రంగు వేయడం కంటే ఈ కడుగుడికే ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఖర్చు.

నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు మరమగ్గాలూ రంగుల పనీ తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ముదురు రియాక్టివ్ రంగు పట్టడానికి తొట్టిలో లీటరుకు యాభై గ్రాములకు పైగా ఉప్పు కూడా పడుతుంది. ఆ ఉప్పునీళ్లను, రంగునీళ్లను శుద్ధి చేయడం ఖరీదైన వ్యవహారం. నీళ్లు దొరకడం కష్టమైన చోట, ధర తగ్గించి అమ్మాల్సిన సరుకు విషయంలో, కోత పడేది సహజంగానే చివరి కడుగుళ్ల మీద. అలా కడగకుండా వదిలేసిన రంగే ఆఖరికి ఇంటి తొట్టిలో దిగుతుంది. అంటే బొంత ఉతికే మనిషి చేయాల్సింది రంగుల తొట్టి దగ్గర మిగిలిపోయిన పనిని పూర్తిచేయడమే.

ఉప్పు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కొత్త బట్టను మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనే నమ్మకం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. నీళ్లలో నూలుపోగుకు స్వల్పంగా రుణావేశం ఉంటుంది. రంగు అణువులకూ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గించి రంగును గుడ్డవైపు తోస్తుంది. రంగుల తొట్టిలో ఉప్పు వేసేది అందుకే. ఇంట్లో ఉప్పునీళ్లలో నానబెట్టినప్పుడు నీళ్లు తేటగా కనిపించడానికీ కారణం అదే. వదులుగా ఉన్న రంగు బయటికి రాలేక గుడ్డలోనే ఆగిపోయింది, అంతే. బంధమేమీ ఏర్పడలేదు. మరుసటి వారం మామూలు నీళ్లలో వేయగానే దిగుతుంది. ఒంటి రంగు చీర విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. తెల్ల ముక్కలున్న బొంత విషయంలో మాత్రం ఇది తీరని హాని. ఎర్ర ముక్క నుంచి వదిలిన రంగును ఉప్పు మళ్లీ ఎర్ర ముక్కలోకే పంపదు కదా, దగ్గర్లో ఉన్న ఏ నూలులోకైనా తోస్తుంది. తెల్ల ముక్కకు శ్రద్ధగా రంగు వేసినట్టే అవుతుంది.

వెనిగర్, నిమ్మరసం, పటిక సంగతి కూడా ఇలాంటిదే, కానీ కొట్టిపారేయడానికి లేదు. ప్రతి చిట్కాకూ అది సరిగ్గా పనిచేసే చోటు ఒకటుంది. పట్టు, ఉన్ని లాంటి వాటికి వాడే ఆసిడ్ రంగులు పులుపు నీళ్లలో బాగా పట్టుకుంటాయి కాబట్టి పట్టుచీర విషయంలో వెనిగర్‌కు కొంత అర్థముంది. నూలు మీద ఆ పప్పులు ఉడకవు. పటిక విషయానికొస్తే, దాని అసలు చోటు తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తిలో ఉంది.

శ్రీకాళహస్తి కలంకారీని, అంటే కలంతో గీసే వ్రాతపనిని, చూస్తే రంగు దిగడం గురించి తెలుసుకోవలసినదంతా అందులో కనిపిస్తుంది. ముందు నూలుగుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత గుడ్డ మీద పాకిపోకుండా గీత గీతలాగే నిలుస్తుంది. నల్ల గీతలకు వాడే కసిం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి చేసేది. అందులోని ఇనుము గుడ్డ మీదున్న కరక్కాయ వగరుతో కలిసి నల్లగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట నేరుగా ఎర్రరంగు పూయరు. పటిక నీళ్లు పూస్తారు. ఆ తర్వాత గుడ్డనంతా ఎర్రరంగు నీళ్లలో కాస్తారు. పూర్వం చిరివేరు వాడేవారు, తర్వాత అలిజరిన్ వచ్చింది. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మాన్ ప్రయోగశాలలో తయారుచేసిన రంగు అది. గుడ్డంతా ఆ ఎర్రనీళ్లలో మునిగినా, పటిక పూసిన చోటే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. పటికలోని అల్యూమినియం ఒకవైపు పోగునూ మరోవైపు రంగునూ పట్టుకుని నీళ్లకు కరగని ముద్దలా మారుస్తుంది. మిగతా చోట్ల అంటుకున్న ఎరుపు వదులుగానే ఉంటుంది. దాన్ని వదిలించడానికే పారే నీళ్లు. గుడ్డను స్వర్ణముఖి నది ప్రవాహంలో పరిచి ఉతికేది శుభ్రం కోసం మాత్రమే కాదు. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన ఎరుపు గుడ్డలోని తెల్ల భాగం మీదే మళ్లీ కూర్చుంటుంది. ప్రవాహంలో అయితే ఊడిన రంగు ఊడినట్టే కొట్టుకుపోతుంది.

ఈ పద్ధతిలో పటిక రంగుకు ముందే వచ్చి, ఆ పటికను పట్టుకోగలిగిన రంగు మీదే పనిచేసింది. బజారు మెరూన్ గుడ్డకు తర్వాత ఎంత పటిక కలిపినా అది జరగదు. శ్రీకాళహస్తి నుంచి బొంత ఉతికే మనిషి తీసుకోవలసింది పటికను కాదు, ప్రవాహాన్ని. ఊడిన రంగును వెంటనే దూరం చేయడమే అసలు కిటుకు. ఇంట్లో నది ఉండదు కాబట్టి ఎక్కువ నీళ్లతో, మళ్లీమళ్లీ మార్చే నీళ్లతో ఆ పని జరగాలి.

చేసే తీరు ఇది. వీలైనంత పెద్ద తొట్టి గానీ టబ్బు గానీ తీసుకోవాలి. బొంత మడతలు పడకుండా మునిగేంత జాగా ఉండాలి. గీజరు నుంచి గానీ కాగులో కాచి గానీ, చేయి పెట్టి ఉంచలేనంత వేడి నీళ్లు నింపాలి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు అర కప్పు దాకా కలిపి, బొంతను పరిచినట్టు దించాలి. లిక్విడ్ సబ్బు చేసే పని మురికి తీయడం కంటే ముఖ్యమైనది. ఊడిన రంగును చుట్టుముట్టి నీళ్లలోనే తేలేలా చేస్తుంది, తిరిగి గుడ్డ మీద వాలనివ్వదు. బొంత పైకి తేలుతుంటే నీళ్లు నింపి మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలు నాలుగైదు దాని మీద పెడితే మునిగి ఉంటుంది. నీటి పైన తేలిన మూల ఆరిపోతూ రంగును కిందినుంచి లాక్కుంటుంది, అక్కడ మరక మరింత చిక్కబడుతుంది కాబట్టి ఒక్క అంచు కూడా బయట ఉండకూడదు. అలా పది పన్నెండు గంటలు వదిలేయాలి. నీళ్లు చల్లారినా ఫరవాలేదు.

వేడినీళ్లు పోస్తే రంగు ఇంకా ఎక్కువ దిగుతుందని భయపడటం సహజం. దిగుతుంది, దిగాలి కూడా. చల్లని నీళ్లలో ఉతికితే రంగు తక్కువ దిగినట్టు కనిపించడం ఆ రంగు లోపలే ఉండిపోవడం వల్ల. చింతపండు పిసికినట్టే ఇదీ: మొదటి నీళ్లు చిక్కగా, రెండోవి పలచగా, మూడోవి దాదాపు తేటగా వస్తాయి. లెక్కకోసం ప్రతి నానుడులో వదులు రంగులో మూడు వంతులు నీళ్లలోకి వచ్చి, ఒక వంతు గుడ్డలో మిగిలిందనుకుందాం. మూడు నానుళ్లకు మిగిలేది అరవై నాలుగో వంతు. ఒకే నీళ్లలో మూడు రోజులు ఉంచితే మాత్రం ఆ నాలుగో వంతు అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే గుడ్డకూ నీళ్లకూ మధ్య రంగు ఒక సమతూకానికి వచ్చి ఆగిపోతుంది. ఎక్కువసేపు నానబెట్టడం కంటే ఎక్కువసార్లు నీళ్లు మార్చడం మేలు.

నీళ్లు మార్చే ముందు ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్లు తీసి, వెనక తెల్ల కాగితం పెట్టి వెలుతురులో చూడాలి. తొట్టిలో తేటగా కనిపించే నీళ్లు గ్లాసులో లేత గులాబీగా కనిపించవచ్చు. గ్లాసు నీళ్లకు రంగే లేదని తేలేదాకా బొంతను ఆరేయకూడదు. రెండో నానుడు తర్వాత తెల్ల ముక్కలు చాలావరకు తేరుకోవడం కనిపిస్తుంది. మరీ ముదురు మెరూన్, నల్ల, ముదురు నీలం ముక్కలున్న బొంతలకు నాలుగైదు సార్లు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆకుపచ్చ కలిసిన నీలంలో (టర్కాయిస్) కనిపించే రియాక్టివ్ రంగుల్లో కొన్నిటి అణువులు పెద్దవి, కడుగుళ్లలో తొందరగా బయటికి రావు. ఆ రంగు విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

నీళ్ల రకం కూడా లెక్కలోకి వస్తుంది. బోరు నీళ్లు గట్టినీళ్లైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పనిచేయనివ్వవు, వదులు రంగు బయటికి రావడాన్నీ అడ్డుకుంటాయి. నురగ రాని నీళ్లతో నానబెట్టి ఫలితం లేదని విసుక్కోవడం కంటే, ఆ ఒక్క రోజుకు కుళాయి నీళ్లో పట్టిపెట్టిన వాన నీళ్లో వాడటం మంచిది.

బొంత విషయంలో మరక తొట్టిలో కంటే తాడు మీద ఎక్కువగా పుడుతుందన్న సంగతి చాలామంది గమనించరు. చీర ఒక పొర కాబట్టి చిత్తూరు ఎండకు అరగంటలో ఆరుతుంది. బొంతలో నాలుగైదు పొరలుంటాయి. పైపొర ఆరుతుంటే లోపలి తడి పైకి వస్తుంది, వస్తూ వదులు రంగును మోసుకొస్తుంది. నీళ్లు ఆవిరైపోతాయి, రంగు అక్కడే ఆగిపోతుంది. ఆ తడి పైకి వచ్చే దారుల్లో ఒకటి కుట్టు. దగ్గరగా పెట్టి చూస్తే, సూది దిగిన ప్రతి రంధ్రం చుట్టూ ఆవగింజంత గులాబీ వలయం, రెండు రంధ్రాల మధ్య తెల్లదారం గులాబీకి తిరిగి ఉండటం కనిపిస్తుంది. లోపల దాగిన పాత ముదురు చీర రంగు వదులుతోందని చెప్పే మొదటి గుర్తు అది. పైముక్కలన్నీ పరీక్షించి కుట్టినా మరక వచ్చిందంటే లోపలి పొరనే అనుమానించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు ఉన్న రోజుల్లో బొంత ఆరడానికి రెండు రోజులు పడితే ఈ రాకపోకలకు అంత సమయం దొరుకుతుంది. ఆ నెలల్లో కొత్త బొంతను తడపకపోవడమే ఉత్తమం. తప్పనిసరైతే పిండకుండా, పాత తువ్వాళ్ల మధ్య ఒత్తి నీళ్లు తీసి, తాడు మీద రెండు మడతలుగా కాకుండా మంచం మీద పరిచి, ఫ్యాను గాలికి గంటకోసారి తిరగేస్తూ ఆరబెట్టాలి.

బ్లీచింగ్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి: వద్దు. బ్లీచింగ్ పౌడరైనా, సోడియం హైపోక్లోరైట్ ఉండే బ్లీచింగ్ ద్రవమైనా మరకనూ మంచి రంగునూ వేరుచేసి చూడదు, పాత నూలును తినేస్తుంది. బొంతలో సగం గుడ్డలు ఇప్పటికే అరిగినవి. హైడ్రోస్‌తో కూడా అంతే జాగ్రత్త. చిత్తూరు వైపు బెల్లం వండే ఊళ్లలో బెల్లానికి పసుపు మెరుపు తేవడానికి వాడే తెల్లపొడిగా ఇది చాలామందికి తెలుసు. రంగుల పనివాళ్లు దీన్నే గుడ్డ నుంచి రంగు లాగేయడానికి వాడతారు. మొత్తం తెల్లగా చేయాలంటే పనికొస్తుంది. ఒక మరక తీసి పక్క ముక్కను ఉంచాలంటే దీని చేతిలో పెట్టలేం.

చేతితో గీసిన అసలు కలంకారీ ముక్క బొంతలో ఉంటే పైన చెప్పిన వేడినీళ్ల పద్ధతి దానికి వర్తించదు. ఎరుపు, నలుపు తట్టుకున్నా, కరక్కాయ పూల లాంటి వాటితో తీసిన పసుపు వేడికీ సబ్బుకూ వెలిసిపోతుంది. పట్టు ముక్కలకూ అంత వేడి పనికిరాదు. అలాంటి ముక్కలను తరచూ ఉతికే బొంతలో కలపకుండా ఉండటమే న్యాయం. మీటర్ల లెక్కన దొరికే కలంకారీ ప్రింట్లు వేరు, వాటిని మామూలు బట్టలాగే పరీక్షించి వాడవచ్చు.

పరీక్ష చిన్న పనే. ప్రతి కొత్త గుడ్డ నుంచి అగ్గిపెట్టె అంత ముక్క కత్తిరించి, వేడి సబ్బునీళ్లున్న గాజు గ్లాసులో తెల్ల పంచె ముక్కతో కలిపి అరగంట ఉంచాలి. రెంటినీ పిండకుండా ఒకదానిమీద ఒకటి వేసి ఆరనివ్వాలి. నీళ్లకు రంగు వచ్చినా తెల్లముక్క తెల్లగానే ఉంటే ఆ గుడ్డను రెండు మూడుసార్లు ఉతికి వాడుకోవచ్చు. తెల్లముక్కకే రంగు అంటితే ఉతికి మళ్లీ పరీక్షించాలి, అప్పటికీ అంటుతుంటే బొంతకు అది పనికిరాదు. బట్టల ప్రయోగశాలల్లోనూ ఇదే జరుగుతుంది. ఐఎస్ఓ 105 ప్రమాణాల ప్రకారం రంగుగుడ్డను తెల్లగుడ్డతో కుట్టి ఉతికి, అంటిన రంగును ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బూడిద రంగు కొలతతో పోల్చి మార్కు వేస్తారు. ఐదు అంటే అసలు అంటలేదని. రంగు నిలిపే ద్రావకాలు కొన్ని దొరుకుతాయి. వాటిని ముక్కలు కలిపి కుట్టకముందే, ఒక్కో గుడ్డకు విడిగా వాడాలి. మరక పడ్డాక వాడితే మరకను కూడా అవి అంతే గట్టిగా నిలిపేస్తాయి.

పసిబిడ్డ కోసం కుట్టే బొంత విషయంలో ఈ పరీక్ష మానకూడదు. బిడ్డ దాన్ని తడుపుతుంది, చెమట పట్టిస్తుంది, మూల నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. బెంజిడిన్ నుంచి తయారయ్యే రంగుల మీద మన దేశంలో 1990వ దశకంలోనే నిషేధం వచ్చింది. అయినా ఏ గుడ్డకు ఏ రంగు పడిందో చూసి చెప్పలేం. అవ్వ కట్టి వదిలిన పాత నూలు చీర ఈ పనికి ఇప్పటికీ అన్నిటికంటే మంచి గుడ్డ.

ఇన్ని నానుళ్ల తర్వాత కూడా, ముఖ్యంగా ముందే ఆరి ఇస్త్రీ అయిన బొంతల్లో, ఒకటి రెండు చోట్ల మరక మొండికేయవచ్చు. అక్కడితో రసాయనాలు ఆపేయాలి. బొంత అతుకుల మీద బతికే వస్తువు. బాగా ఉతికి పరీక్షించిన గుడ్డ నుంచి మరక కంటే రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా ముక్క కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, పైపొర వరకే సూది దించుతూ చుట్టూ కుట్టి, ఆ తర్వాత పాత కుట్ల వరస అతుకు మీదుగా కూడా వేస్తే పొరలు విడిపోకుండా ఉంటాయి.